ప్రాక్టికల్ పిస్టల్ పోటీలా, ఆత్మరక్షణ శిక్షణా? కొత్తవాళ్లు ఏది ముందు మొదలుపెట్టాలి, ఏ సామాను కొనాలి?

తొలిగురి:
అందరికీ నమస్కారం. పిస్టల్‌ని జాగ్రత్తగా పట్టుకోవడం, లోడ్ చేయడం, ఖాళీ చేసి చూపించడం, కదలకుండా నిలబడి పది మీటర్ల కాగితం మీద అరచేతంత గుంపు తెచ్చుకోవడం వచ్చాక తర్వాతి అడుగు ఎటు? ఒకపక్క ఐపీఎస్‌సీ, ఐడీపీఏ లాంటి ప్రాక్టికల్ పోటీలు, ఇంకోపక్క ఆత్మరక్షణ కోర్సులు. పోటీలతో చెడ్డ అలవాట్లు వస్తాయని కొందరంటారు. గడియారం ముందు నిలబడని శిక్షణ ఒట్టి మాటలేనని ఇంకొందరంటారు. ఈ రెండు మాటల వెనకున్న కారణాలు తెలుసుకోవాలి.

రెండోది సామాను. చేతిలో ఉన్నది 9 ఎంఎం స్ట్రైకర్ పిస్టల్ (బయటికి హ్యామర్ కనిపించదు, లోపలి సూది స్ప్రింగ్ బలంతో తూటాని కొడుతుంది), నాలుగున్నర అంగుళాల బ్యారెల్, రెండు మ్యాగజీన్లు, మామూలు ఇనుప సైట్లు. ఇక ఏం కొనాలి, ఏం కొనకూడదు?

స్టేజీనడక:
ముందు ఒక సంగతి. ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టినవి. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం కొలంబియాలో ఐపీఎస్‌సీ ఏర్పడింది, జెఫ్ కూపర్ మొదటి అధ్యక్షుడు. ఏ పద్ధతి నిజంగా పనిచేస్తుందో పోటీలో తేల్చుకుందామన్నదే అప్పటి ఆలోచన. నెమ్మదిగా అది పూర్తి క్రీడగా మారింది, పిస్టళ్లూ హోల్‌స్టర్లూ (నడుముకి కట్టే పిస్టల్ ఒరలు) పోటీ కోసమే తయారవడం మొదలైంది. అది నచ్చనివాళ్లు 1996లో ఐడీపీఏ పెట్టి, రోజూ ఒంటిమీద పెట్టుకోదగిన పిస్టల్, పైన చొక్కా, అడ్డం చాటు నుంచి కాల్చడం అన్న నియమాలు తెచ్చారు. అది కూడా పోటీయే, శిక్షణ కాదు. ఈ తేడా గుర్తుంటే సగం వాదనలు లేవవు.

రెండింటి స్వభావం లెక్కలోనే కనిపిస్తుంది. ఐపీఎస్‌సీలో పాయింట్లను సెకన్లతో భాగిస్తారు, దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. కాగితపు టార్గెట్‌ని నడిమి నుంచి అంచుకి ఏ, సీ, డీ జోన్లుగా గీస్తారు. మైనర్ పవర్‌లో, అంటే తక్కువ బలమున్న తూటాలతో, ఏ జోన్‌కి 5, సీకి 3, డీకి 1. మిస్ అయితే మైనస్ 10. 12 రౌండ్ల స్టేజీ (పోటీలో ఒక విడత), మొత్తం 60 పాయింట్లు అనుకోండి.

మొదటివాడు 10 ఏలు, 2 సీలు, 8.00 సెకన్లు: 56 భాగించు 8, అంటే 7.0.
రెండోవాడు 12 ఏలు, 9.50 సెకన్లు: 60 భాగించు 9.5, అంటే 6.32.
మూడోవాడు 8 ఏలు, 2 సీలు, 1 డీ, 1 మిస్, 7.00 సెకన్లు: 47లోంచి 10 పోగా 37, భాగించు 7, అంటే 5.29.

గెలిచింది మొదటివాడు, అతనికి స్టేజీ పాయింట్లు మొత్తం 60. రెండోవాడికి 54 చిల్లర. ఇప్పుడు అదే కాల్పుని ఐడీపీఏ పద్ధతిలో చూడండి. అక్కడ పోయిన ఒక్కో పాయింటుకీ ఒక సెకను కలుపుతారు. జోన్లు అచ్చంగా ఒకటి కావు గానీ, సీని మైనస్ 1గా, డీని మైనస్ 3గా, మిస్‌ని మైనస్ 5గా తీసుకుంటే మొదటివాడు 10.00, రెండోవాడు 9.50, మూడోవాడు 17.00. గెలుపు రెండోవాడికి మారింది. తొందరను ఒక ఆట ఎంతవరకు సహిస్తుందో, ఇంకోటి ఎంతవరకు సహిస్తుందో ఇక్కడే తెలుస్తుంది. మిస్‌కి మాత్రం రెండు చోట్లా క్షమాపణ లేదు.

నిదానం:
లెక్క బాగా చెప్పారు. అయితే ఆ లెక్క కొలవనిది ఒకటుంది: కాల్చాలా వద్దా అన్న నిర్ణయం. పోటీలో టార్గెట్లు ఎక్కడున్నాయో ముందే నడిచి చూస్తారు. కాల్చకూడనివాటికి రంగో గుర్తో ఉంటుంది. టైమర్ బీప్ వినగానే కాల్చడం సరైన పని. ఆత్మరక్షణలో బీప్ ఉండదు, ముందు నడక ఉండదు, చాలా సందర్భాల్లో సరైన పని అసలు కాల్చకుండా అక్కణ్ణుంచి బయటపడటమే. మంచి కోర్సులో పిస్టల్ తీయకముందు జరిగేదే ఎక్కువ చెప్తారు: దూరం పెంచుకోవడం, గట్టిగా హెచ్చరించడం, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టుకోవడం, వెనక ఎవరున్నారో చూడటం, తర్వాత పోలీసుకి ఏం చెప్పాలి, గాయపడినవాడికి రక్తం ఎలా ఆపాలి.

దూరం సంగతి ఒక ఉదాహరణ. 1983లో డెన్నిస్ టుల్లర్ అనే పోలీసు శిక్షకుడు చూపించినది ఇప్పటికీ బోధిస్తారు. పరిగెత్తి వచ్చే మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు 1.5 సెకన్లలో దాటేస్తాడు. దీన్ని చాలామంది "21 అడుగుల లోపు వస్తే కాల్చొచ్చు" అనే నియమంగా మార్చేశారు. అది తప్పు, చట్టంలో అలాంటి గీత లేదు. ఆ ప్రయోగం చెప్పేది, చొక్కా కింద నుంచి పిస్టల్ తీయడానికి మీకు పట్టే సమయం ఆ దూరానికి సరిపోదు, కాబట్టి పక్కకి జరగాలి, మధ్యలో బల్లో కారో ఉంచుకోవాలి, ముందే గమనించాలి అని. స్థలాన్ని బట్టి చట్టం మారుతుంది, మీ ప్రాంతపు చట్టం చదవకుండా ఏ కోర్సూ పూర్తి కాదు.

స్టేజీనడక:
> పిస్టల్ తీయకముందు జరిగేదే ఎక్కువ

ఒప్పుకుంటాను. కానీ నిదానం గారూ, తీశాక జరిగేది కూడా చేతికి రావాలి కదా. ట్రిగ్గర్ మీద, గ్రిప్ మీద ఆలోచన పెట్టాల్సి వస్తున్న మనిషికి వెనక ఎవరున్నారో చూసే తీరిక ఉండదు. చేతులు వాటంతట అవి పనిచేస్తేనే కళ్లకీ బుర్రకీ ఖాళీ దొరుకుతుంది. ఆ స్థాయి తీసుకురావడంలో పోటీని మించినది లేదు, ఎందుకంటే అక్కడ ఫలితాన్ని దాచుకోలేరు. నెలకోసారి మీ పేరు పక్కన అంకె పడుతుంది.

రేంజ్‌గంట:
వాదన కొనసాగించండి. తొలిగురి గారికి మాత్రం మొదటి మ్యాచ్‌లో ఇంటికి పంపించేసే పనులేవో ముందే తెలియాలి. ఐపీఎస్‌సీలో మాటలు ఈ వరసలో వస్తాయి.

"లోడ్ అండ్ మేక్ రెడీ": ఇప్పుడు మాత్రమే పిస్టల్ తీసి లోడ్ చేయాలి, అంతకుముందు కాదు.
"ఆర్ యూ రెడీ?": సిద్ధంగా లేకపోతే "నాట్ రెడీ" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.
"స్టాండ్‌బై": దీని తర్వాత 1 నుంచి 4 సెకన్లలో బీప్. కదిలితే ఆపేస్తారు.
"ఇఫ్ యూ ఆర్ ఫినిష్డ్, అన్‌లోడ్ అండ్ షో క్లియర్": ముందు మ్యాగజీన్, తర్వాత ఛాంబర్. వరస తారుమారైతే ఛాంబర్‌లోకి కొత్త రౌండ్ ఎక్కుతుంది.
"ఇఫ్ క్లియర్, హ్యామర్ డౌన్, హోల్‌స్టర్": గుళ్లు ఆగే మట్టిగుట్ట వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. ఖాళీ అని నిరూపించేది ఈ నొక్కే.
"రేంజ్ ఈజ్ క్లియర్": ఇది వినేదాకా ఎవరూ ముందుకు రాకూడదు.

డిస్‌క్వాలిఫై అయ్యే కారణాల్లో ఎక్కువసార్లు చూసేవి మూడే. ఒకటి, మజిల్ (పిస్టల్ మూతి) టార్గెట్ల దిక్కు నుంచి 90 డిగ్రీల గీత దాటడం. కుడిచేతివాళ్లు ఎడమవైపు పరిగెత్తుతూ రీలోడ్ చేసేటప్పుడు మజిల్ వెనక్కి తిరిగిపోతుంది. ఒళ్లు ఎటు తిరిగినా మజిల్ గుట్ట వైపే ఉండాలి. అంటే ఎడమవైపు వెళ్లేటప్పుడు మోచేయి మడిచి, మణికట్టు తిప్పి మ్యాగజీన్ పెట్టడం విడిగా సాధన చేయాలి. రెండు, కదిలేటప్పుడూ రీలోడ్‌లోనూ జామ్ తీసేటప్పుడూ వేలు ట్రిగ్గర్ గార్డ్ లోపల ఉండటం. మూడు, పిస్టల్ కింద పడటం. ఖాళీ పిస్టల్ పడినా దాన్ని మీరు ఎత్తకూడదు, రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. వంగి ఎత్తితే అక్కడితో మ్యాచ్ అయిపోయినట్టే.

సేఫ్టీ ఏరియా గురించి ఒక మాట. అక్కడ పిస్టల్ తీయొచ్చు, తుడవొచ్చు, ఖాళీగా డ్రా చేసి చూసుకోవచ్చు. మందుగుండు మాత్రం చేత్తో ముట్టుకోకూడదు. డమ్మీ రౌండ్ (మందు లేని ఉత్తుత్తి తూటా) కూడా మందుగుండు కిందే లెక్క.

ఎడమచేయి:
ఎడమచేతివాళ్లకి ఇది అద్దంలో బొమ్మలా తిరగబడుతుందండీ. మనకి కుడివైపు పరిగెత్తే స్టేజీలు ప్రమాదం. రేంజ్ వాళ్లు సలహాలన్నీ కుడిచేతివాళ్లకి చెప్తారు కాబట్టి దీన్ని మనమే గుర్తుపెట్టుకోవాలి. మ్యాగజీన్ రిలీజ్ రెండోవైపు మార్చుకునే పిస్టల్ అయితే మార్చేయండి, చూపుడువేలితో నొక్కడం అలవాటైతే ఆ వేలు ట్రిగ్గర్ గార్డ్ చుట్టే తిరుగుతుంటుంది.

తూటాలెక్క:
సామాను సంగతికి వస్తాను. వరస ముఖ్యం, ఎందుకంటే డబ్బు సరైన చోట పెడితే తర్వాత మార్చుకోనక్కర్లేదు.

మొట్టమొదట చెవులు, కళ్లు. 9 ఎంఎం పేలుడు శబ్దం సుమారు 160 డెసిబెల్స్‌కి చేరుతుంది, 140 దాటితే ఒక్క దెబ్బకే వినికిడికి శాశ్వత నష్టం మొదలవుతుంది. చెవిలో ఫోమ్ ప్లగ్, దానిమీద ఎలక్ట్రానిక్ మఫ్, రెండూ కలిపి వాడండి. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది అలంకారమే. కళ్లద్దాలు ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 గుర్తు ఉన్నవి, పక్కలు మూసుకునేవి. స్టీల్ టార్గెట్ నుంచి సీసం ముక్కలు వెనక్కి వస్తాయి కాబట్టే ఐపీఎస్‌సీ స్టీల్‌ని 7 మీటర్ల కంటే దగ్గరగా కొట్టనివ్వదు. అంచున్న టోపీ, మెడ మూసే చొక్కా. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ వేడి ఖాళీ కేసు మెడలోకి జారితే మనిషి తెలియకుండానే తిరుగుతాడు, అతనితోపాటు మజిల్ కూడా తిరుగుతుంది.

తర్వాత బెల్టు. హోల్‌స్టర్ ఎంత మంచిదైనా మెత్తటి బెల్టు మీద ఊగుతుంది. 38 మిల్లీమీటర్ల వెడల్పు, లోపలి పట్టీ నడుముకి, దానిమీద గట్టి బయటి పట్టీ వెల్‌క్రోతో అతుక్కునే రకం. హోల్‌స్టర్ కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, మీ పిస్టల్ మోడల్‌కే పోసినది, ట్రిగ్గర్ గార్డ్‌ని పూర్తిగా కప్పేది. అన్ని పిస్టళ్లకీ సరిపోతుందని అమ్మే నైలాన్ సంచులు వద్దు, మూతి మూసుకుపోయి పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు గుడ్డ మడత ట్రిగ్గర్‌లోకి దూరుతుంది. చూపుడువేలితో నొక్కి తెరిచే తాళం ఉన్నవి కూడా వద్దు. తొందరలో అదే వేలు నొక్కుతూనే లోపలికి జారి ట్రిగ్గర్ మీద పడుతుంది. చాలా కోర్సుల్లో వాటిని అనుమతించరు.

మ్యాగజీన్లు మొత్తం ఐదు. ఐపీఎస్‌సీ ప్రొడక్షన్ డివిజన్‌లో (పెద్దగా మార్పులు చేయని ఫ్యాక్టరీ పిస్టళ్ల విభాగం) మొదలుపెట్టేటప్పుడు మ్యాగజీన్‌కి 15కి మించి పెట్టకూడదు, లాంగ్ కోర్సు (పెద్ద స్టేజీ) 32 రౌండ్ల వరకు ఉంటుంది. కాగితం మీద మూడు చాలు. కానీ ఒకటి రెండు అదనపు రౌండ్లు కాల్చినా, ఒక మ్యాగజీన్ ఇసకలో పడినా, జామ్ తీసేటప్పుడు ఒకటి పారేసినా మూడు చాలవు. పిస్టల్‌లో ఒకటి, బెల్టు మీద నాలుగు పౌచ్‌లు. పౌచ్ బిగింపు సరిచూడాలంటే నిండు మ్యాగజీన్ పెట్టి బెల్టుని తలకిందులు చేసి ఊపండి. జారకూడదు, అయినా రెండు వేళ్లతో లాగితే రావాలి.

ప్రతి మ్యాగజీన్ అడుగున పెయింట్ పెన్‌తో నంబర్ వేయండి. జామ్ అయిన ప్రతిసారీ ఏ నంబరో రాసుకోండి. మూడోసారి కూడా అదే నంబర్ వస్తే స్ప్రింగ్ మార్చండి, అయినా వస్తే పోటీకి తీసుకెళ్లకండి. మ్యాగజీన్ లోపల నూనె వేయకండి, దుమ్ము పట్టి ఫాలోవర్ (రౌండ్లని పైకి తోసే పలక) నెమ్మదిస్తుంది. పొడి బ్రష్ చాలు.

తొలిగురి:
చాలా సంతోషం అండీ. ట్రిగ్గర్ మార్చాలా? ఎక్కడ చూసినా ముందు అదే మార్చమంటున్నారు.

తూటాలెక్క:
వద్దు. మొదటి 3000 రౌండ్లూ ఫ్యాక్టరీ ట్రిగ్గర్‌తోనే కాల్చండి. కారణం రెండు. కొత్తవాళ్ల గుండు కుడిచేతివాళ్లలో కిందకి ఎడమకి పోతుంది, అది ట్రిగ్గర్ బరువు వల్ల కాదు, పేలుడు వస్తుందని ముందే చేయి బిగించి తోయడం వల్ల. తేలిక ట్రిగ్గర్ ఆ తప్పుని కొన్నాళ్లు కప్పిపెడుతుంది. రెండోది, స్ట్రైకర్ స్ప్రింగ్ తేలిక చేస్తే గట్టి ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే బిళ్ల) మీద తేలికపాటి దెబ్బ పడి రౌండ్ పేలదు. ప్రొడక్షన్‌లో ట్రిగ్గర్ బరువుకి కనీస పరిమితి కూడా ఉంది. ఆత్మరక్షణకి వాడే పిస్టల్‌లో అయితే ఫ్యాక్టరీ భాగాలు తీసేయడం అసలు మంచిది కాదు.

ఆ తోపుడు అలవాటు పట్టుకోవడానికి పద్ధతి ఉంది. ఇంకొకరు మీ మ్యాగజీన్‌లో పది రౌండ్ల మధ్య మూడు డమ్మీలు కలిపి పెట్టాలి. డమ్మీ దగ్గర ట్రిగ్గర్ నొక్కగానే ముందరి సైటు కిందకి మునిగితే దోషం అక్కడే కనిపిస్తుంది.

నిదానం:
పోటీ సామానుకీ రోజూ పెట్టుకునే సామానుకీ ఉన్న తేడా కూడా చెప్పాలి. పోటీ హోల్‌స్టర్ బెల్టు బయట, బొడ్డుకి దూరంగా, తెరిచి ఉంటుంది. రోజువారీది నడుము లోపల, పైన చొక్కా. ఒకే పిస్టల్‌తో రెండూ చేయొచ్చు. కానీ పోటీ బెల్టుతో 1.2 సెకన్లలో మొదటి గుండు పేల్చినంత మాత్రాన చొక్కా కింద నుంచి కూడా అంతే వస్తుందనుకోకండి. చొక్కా అంచుని పొట్ట పక్క గుప్పిటతో పట్టి ఛాతీ దాకా లాగాలి, అంతవరకు పిస్టల్ పట్టుకోకూడదు. సగం లాగితే గుడ్డ గ్రిప్ కింద ఇరుక్కుని పిస్టల్‌తోపాటే పైకి వస్తుంది. 7 మీటర్ల దగ్గర చొక్కా కింద నుంచి 1.5 సెకన్లు మంచి పనితనం. కొత్తలో రెండున్నర పడుతుంది, కంగారు పడకండి.

డ్రా కంటే తిరిగి పెట్టడం దగ్గర ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. నడుము లోపల పెట్టేటప్పుడు తొందర ఏమీ ఉండదు. వేలు స్లైడ్ మీద ఉండాలి. చొక్కాని దూరంగా పట్టుకోండి, కళ్లతో హోల్‌స్టర్ మూతి చూడండి, నడుము కొంచెం ముందుకు తోయండి, నెమ్మదిగా దించండి. అడ్డం తగిలితే ఆగి పైకి తీయండి, బలవంతంగా తోయకండి.

స్టేజీనడక:
పోటీ అలవాట్లలో నిజంగా నష్టం చేసేవి ఏవో నిజాయితీగా చెప్తాను. టార్గెట్‌కి రెండు కాల్చి, ఏం జరిగిందో చూడకుండా పక్కదానికి మారిపోవడం మొదటిది. ఐపీఎస్‌సీలో ఆరుబయట నిలబడే కాలుస్తాం, ఎవరూ తిరిగి కాల్చరు కాబట్టి. కదలాల్సి వచ్చిన ప్రతిసారీ సగం నిండిన మ్యాగజీన్‌ని నేల మీద వదిలేస్తాం. స్టేజీ చివర ఆలోచించకుండా ఖాళీ చేసేస్తాం.

వీటికి మందు పోటీ మానేయడం కాదు. వారంలో ఒక సాధన చొక్కాతో, రౌండ్లు మిగిలిన మ్యాగజీన్‌ని జేబులో పెట్టుకుంటూ, ఎన్ని కాల్చాలో ముందే అనుకోకుండా చేయండి. పక్కవాడు ఒక రంగు పిలిస్తే ఆ రంగు టార్గెట్‌ని మాత్రమే కొట్టాలి, కొన్నిసార్లు లేని రంగు పిలవాలి, అప్పుడు కాల్చకూడదు. పేపర్ మీద నాలుగు రంగుల చుక్కలుంటే చాలు.

నిదానం:
ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. ఒక్కటి మాత్రం కలుపుతాను. చాటు సంగతిలో పోటీలో ఇంకో పొరపాటు నేర్పుతారు, గోడకి అతుక్కుపోవడం. అడ్డం నుంచి చెయ్యి చాచినంత వెనక్కి నిలబడితే మజిల్ బయటికి పొడుచుకురాదు, చూపు విశాలమవుతుంది. ఎదుటివాడు మీ చేతిని పట్టుకోలేడు.

వారంలో ఒక్క సాధన చాలన్న విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. వారానికి ఒక గంట ఒక పద్ధతి, నాలుగు గంటలు ఇంకో పద్ధతి చేస్తే, ఒత్తిడిలో బయటికొచ్చేది నాలుగు గంటలదే.

రేంజ్‌గంట:
దానికి నా అభిప్రాయం వేరు. ఒత్తిడిలో చేయి వణికి, పిస్టల్ జామ్ అయి, అందరూ చూస్తుండగా దాన్ని సరిచేసుకున్న మనిషికి ఆ అనుభవం ఎక్కడికీ పోదు. జామ్ గురించి ఇప్పుడే రాస్తాను, ఎవరూ సరిగా చెప్పలేదు.

ట్రిగ్గర్ నొక్కితే "టిక్" అని మాత్రమే వినిపించిందా? మ్యాగజీన్ అడుగుని గట్టిగా కొట్టండి, స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి వదలండి, మళ్లీ గురి చూడండి. వందలో ఎక్కువ జామ్‌లు దీనితోనే పోతాయి, ఎందుకంటే మ్యాగజీన్ సరిగా కూర్చోకపోవడమే సాధారణ కారణం. ఖాళీ కేసు పొగగొట్టంలా నిలువుగా ఇరుక్కున్నా ఇదే పని. ఇది పదేపదే అవుతుంటే ముందు గ్రిప్ చూడండి. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి వెళ్తుంది, స్లైడ్‌కి పూర్తి ప్రయాణం దొరకదు. తర్వాత ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద కార్బన్, ఆ తర్వాత రీకాయిల్ స్ప్రింగ్. 9 ఎంఎంలో రీకాయిల్ స్ప్రింగ్‌ని 3000 నుంచి 5000 రౌండ్లకి మార్చేయడం మంచిది.

స్లైడ్ సగంలో ఆగి, ఛాంబర్‌లో ఒకటి దాని వెనక ఇంకొకటి కనిపిస్తే అది డబుల్ ఫీడ్, కొట్టి లాగితే పోదు. స్లైడ్‌ని వెనక్కి లాక్ చేయండి, మ్యాగజీన్‌ని బలంగా ఊడలాగండి, స్లైడ్ మూడుసార్లు లాగి ఛాంబర్ ఖాళీ చేయండి, కొత్త మ్యాగజీన్ పెట్టి లోడ్ చేయండి. మొత్తం సేపూ వేలు బయటే.

అన్నిటికంటే ప్రమాదం: "పఫ్" అని బలహీనమైన శబ్దం వచ్చి, తన్ను తేలికగా ఉంటే ఆగిపోండి. కొట్టకండి, లాగకండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనక ఇంకొకటి పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, కొన్నిసార్లు పగులుతుంది. ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి, కడ్డీ దూర్చి చూడండి.

ఎర్రచుక్క:
డాట్ సైట్ (అద్దం మీద ఎర్రచుక్క చూపించే సైటు) గురించి తొలిగురి గారు అడగలేదు గానీ వచ్చే నెల అడుగుతారు. ఇనుప సైట్లతో ప్రొడక్షన్, డాట్‌తో ప్రొడక్షన్ ఆప్టిక్స్, రెండూ వేరే డివిజన్లు. కొత్తవాళ్లకి డాట్ ఇచ్చే పెద్ద లాభం చూపు. ఇనుప సైట్లతో కన్ను ముందరి సైటు మీద ఉండాలి, డాట్‌తో టార్గెట్ మీదే ఉంటుంది. నష్టం, మొదటి నెల రోజులు డాట్ కనిపించకపోవడం. కనిపించకపోతే పిస్టల్‌ని ఊపి వెతకకండి. అద్దం ముందువైపు టేపు అంటించి వారం పాటు డ్రై ఫైర్ (ఖాళీ పిస్టల్‌తో సాధన) చేయండి. టేపు వెనక చుక్క, రెండో కన్నుతో టార్గెట్, రెండూ కలుస్తాయి, దాంతో డాట్ వైపు చూసే అలవాటు పోతుంది.

బిగించేటప్పుడు జరిగే తప్పులు రెండు. స్క్రూ పొడవు ఎక్కువైతే స్లైడ్ లోపలికి దిగి కొన్ని పిస్టళ్లలో ఎక్స్‌ట్రాక్టర్ భాగాల్ని నొక్కేస్తుంది, తర్వాత ఖాళీ కేసులు బయటికి రావు, జనం తప్పు తూటాలదనుకుంటారు. రెండోది నూనె ఉన్న మర మీద లాక్‌టైట్ (మర వదులవ్వకుండా పట్టే జిగురు) వేయడం, అది పట్టదు. ముందు ఆల్కహాల్‌తో తుడవండి, నీలిరంగు రకం ఒక్క చుక్క, టార్క్ డ్రైవర్‌తో తయారీదారు రాసినంతే. స్క్రూ మీద, మౌంట్ మీద కలిపి పెయింట్ గీత గీయండి, గీత విరిగితే స్క్రూ కదిలినట్టు.

జీరో (చుక్కనీ గుండు పడే చోటునీ కలపడం) 15 మీటర్ల దగ్గర, ఆనుకుని, ఐదు గుళ్ల గుంపుతో చేయండి, ఒక్క గుండు చూసి తిప్పకండి. డాట్ బ్యారెల్ కంటే పైన ఉంటుంది కాబట్టి 3 మీటర్ల దగ్గర గుండు చుక్క కంటే కింద పడుతుంది. చిన్న టార్గెట్ దగ్గరలో ఉంటే కొంచెం పైన గురి పెట్టాలి.

తొలిగురి:
తూటాల గురించి కూడా చెప్పండి. 115, 124, 147 అని మూడు బరువులు దొరుకుతున్నాయి. పోటీకి ఒకటి, రక్షణకి ఇంకొకటి కొనాలా?

తూటాలెక్క:
పోటీకి ముందు పవర్ ఫ్యాక్టర్ అర్థమవ్వాలి. గుండు బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగించాలి. మైనర్‌కి కనీసం 125. 124 గ్రెయిన్ గుండు 1050 వేగంతో వెళ్తే 130.2, సరిపోతుంది. 147 గ్రెయిన్ 890తో వెళ్తే 130.8, సుమారు అదే అంకె, తన్ను మాత్రం మెత్తగా తోసినట్టు ఉంటుంది. 125 మీద ఒక్క అంకె మాత్రమే అదనంగా ఉన్న తూటా కొనకండి, చలిరోజున, పొట్టి బ్యారెల్‌లో వేగం పడిపోతుంది. మ్యాచ్‌లో క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) దగ్గర 125కి తగ్గితే కాల్చనిస్తారు గానీ స్కోర్ ఇవ్వరు. ఐపీఎస్‌సీ స్టాండర్డ్ డివిజన్‌లో మేజర్‌కి (ఎక్కువ బలమున్న తూటాలకి) 170, ఓపెన్ డివిజన్‌లో 160. ఇప్పటికి మీకు వాటితో పని లేదు.

రక్షణకి హాలో పాయింట్ (తగిలాక విచ్చుకునే బోలు మొన గుండు). మామూలు పూర్తి రాగి తొడుగు గుండు మనిషిని దాటి వెనకున్నవాళ్లకి తగిలే ప్రమాదం ఎక్కువ. అమెరికా ఎఫ్‌బీఐ పరీక్షలో ఒంటి మాంసానికి బదులు వాడే జెల్‌లోకి 12 నుంచి 18 అంగుళాలు దిగడం కావలసిన కొలత. అది చాలా చోట్ల సూచికగా వాడతారు. కొన్ని దేశాల్లో పౌరులకి హాలో పాయింట్ అనుమతి లేదు, ముందు తెలుసుకోండి. ఏది ఎంచుకున్నా మీ పిస్టల్‌లో, మీ మ్యాగజీన్లన్నిట్లో కలిపి కనీసం 200 రౌండ్లు జామ్ లేకుండా పేలాలి. సాధనకి దాదాపు అదే బరువు, అదే వేగం ఉన్న చవక రకం కొనండి, అప్పుడు గురి మారదు.

కాల్చిన తర్వాత చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో. ప్రైమర్ పొగలో సీసం ఉంటుంది, రేంజ్‌లో తినకండి, అక్కడి చొక్కా విడిగా ఉతకండి.

స్టేజీనడక:
వారపు సాధన ఇలా పెట్టుకోండి. డ్రై ఫైర్ ఐదు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. పిస్టల్ రెండుసార్లు చూడండి, వేలితో ఛాంబర్ తడమండి. టార్గెట్ వెనక గుండు ఆగే గోడ ఉండాలి. ఐదు నిమిషాలు డ్రా, ఐదు నిమిషాలు రీలోడ్, మిగిలింది నెమ్మదిగా ట్రిగ్గర్. టైమర్‌లో పార్ (లోపు పూర్తిచేయాల్సిన సమయం) పెట్టండి, పదిలో ఎనిమిది సార్లు శుభ్రంగా వస్తే పదో వంతు సెకను తగ్గించండి. అయిపోయాక గట్టిగా "అయిపోయింది" అనుకుని పిస్టల్ లోపల పెట్టేయండి. లోడ్ చేశాక "ఇంకొక్కసారి" అనేదే గోడకి రంధ్రం చేస్తుంది.

లైవ్ ఫైర్ వారానికోసారి 100 రౌండ్లు చాలు. 7 మీటర్ల దగ్గర ఆరు గుళ్లు ఒకే ఏ జోన్‌లోకి, 2 సెకన్లలో రావాలన్నది బిల్ డ్రిల్. మొదట 4 సెకన్లు పెట్టుకోండి, ఆరూ లోపల పడ్డాకే తగ్గించండి. పది గజాల దగ్గర మూడు టార్గెట్లు, ఒక్కోదానికి రెండు, రీలోడ్, మళ్లీ రెండేసి, ఇది ఎల్ ప్రెసిడెంటే. దీనికి కూపర్ కాలం నాటి ప్రమాణం 10 సెకన్లు. నెలకోసారి చేసి రాసుకోండి.

ఎడమచేయి:
ఒక చేతితో కూడా చేయండి. బలమైన చేతితో ఐదు మీటర్లకి 10, బలహీన చేతితో 10. స్టేజీల్లో అడపాదడపా వస్తుంది. రెండో చేతిలో ఫోనో పిల్లవాడో ఉన్నప్పుడు ఆత్మరక్షణకీ అదే గతి.

నిదానం:
సామాను జాబితాలో ఎవరూ రాయనిది ఒకటుంది, రక్తం ఆపే కిట్. టూర్నికే (చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ) ఒకటి, ఒత్తిడి బ్యాండేజీ, గాయంలో కుక్కే గాజ్ అనే పలచటి నూలు గుడ్డ, చేతి తొడుగులు. బ్యాగ్ అడుగున కాదు, రేంజ్‌లో అందరికీ కనిపించే చోట. టూర్నికే గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించాలి, పెట్టిన సమయం దానిమీదే రాయాలి, ఆసుపత్రి వాళ్లు తప్ప ఎవరూ వదులు చేయకూడదు. చేత్తో ఒకసారి బిగించి చూడనివాళ్లు ఆ క్షణంలో బిగించలేరు, అందుకే సాధనకి విడిగా ఇంకొకటి కొనండి. సాధనలో వాడినది కిట్‌లో పెట్టకండి.

తొలిగురి:
చాలా వివరంగా చెప్పారు అందరూ. బెల్టు, హోల్‌స్టర్, నాలుగు పౌచ్‌లు, మూడు మ్యాగజీన్లు, రక్తం ఆపే కిట్ మొదట. 124 గ్రెయిన్. ట్రిగ్గర్, డాట్ తర్వాత. మొదటి మ్యాచ్‌కి ఎన్ని రౌండ్లు తీసుకెళ్లాలి?

రేంజ్‌గంట:
చిన్న మ్యాచ్‌లు సాధారణంగా 100 నుంచి 150 రౌండ్ల లోపు ఉంటాయి. నిర్వాహకులు చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు తీసుకెళ్లండి. స్టీల్ తప్పిపోతే మళ్లీ కాల్చాలి, స్టేజీ మళ్లీ ఆడాల్సి వస్తే మళ్లీ అన్నీ కావాలి. పిస్టల్ సంచిలో మూసి రండి, బెల్టు ఖాళీగా కట్టుకోండి, పిస్టల్‌ని సేఫ్టీ ఏరియాలో హోల్‌స్టర్‌లోకి మార్చుకోండి. రాగానే "ఇది నా మొదటి మ్యాచ్" అని స్క్వాడ్‌లో చెప్పండి, మిమ్మల్ని వరసలో చివర పెడతారు, అప్పటికి ఆ స్టేజీని పదిమంది ఆడటం చూసి ఉంటారు. ఆ రోజు టైమర్ వైపు చూడకండి, వేలు బయట, మజిల్ గుట్ట వైపు, అంతే.